రేపటి నీళ్లు

ఎలుకలు కొట్టగా మిగిలినవి
నూట పదహారు గేజి రిజిస్టర్లు.
‘నాశనం చేయదగినవి’ అని జాబితా రాసి
సంతకం పెట్టమన్నారు నన్ను.
పెట్టే ముందు ఒకటి లాగినాను:
కడప-కర్నూలు కాలువ, సుంకేసుల కింద మూడో లాకు,
పందొమ్మిది వందల నలభై ఎనిమిది.
లస్కరు బోయ కౌలుట్లయ్య.
మా అమ్మకు నాయన.

ఆ లాకు గది నాకు తెలుసు.
తలుపు చెక్కలు, గ్రీజు డబ్బాలు,
ఒక్క కిటికీ, అదీ నీళ్ల వైపుకే.
నైజాం లొంగిపోయిన అయిదో నాడు
అవతలి ఒడ్డు నుంచి పుట్టిలో వచ్చినారు వాళ్లు.
కరోడ్‌గిరి నాకాలో గుమాస్తా వజీహుద్దీన్,
భార్య సకీనా బీ, ఇద్దరు ఆడపిల్లలు,
పాలు మరవని పిల్లోడు.
రజాకార్ల మీది కోపం
దొరికిన టోపీనల్లా వెతుక్కుంటున్న రోజులు.

పదకొండు రోజులు దాచినారు.
పన్నెండో రాత్రి దివిటీలు వచ్చినాయి.
ఊర్లో సోదా చేయలేదు. గడ్డివాముల్లో పొడిచి చూడలేదు.
పైన రెండు లాకులున్నాయి, ఆ దిక్కే పోలేదు.
నేరుగా వచ్చినారు.

‘నేరుగా’ అన్న ఈ ఒక్క మాట చుట్టూ
పంతొమ్మిదేండ్లుగా గానుగెద్దులా తిరుగుతున్నాను.

జొన్నలమ్మిన శెట్టి అనుకున్నాను మొదట.
ముగ్గురు తినే ఇంటికి అన్ని మానికలు ఎందుకని
అడగని వ్యాపారి ఉంటాడా?
మనమడు ఖాతా పుస్తకం తెరిచి చూపించినాడు:
కౌలుట్లయ్య బాకీ మీద అడ్డగీత,
పక్కన ‘చెల్లు’.
ఎందుకు చెల్లు?
జాలి అయినా అయ్యుండొచ్చు.
పుట్టి తోలిన సుంకన్న వెండి కడియం తీసుకున్నాడు.
ఆర్నెల్లకే చచ్చిపోయినాడు.
ఎదురు చెప్పలేడు గనక ఊరంతా వాని పేరే చెప్తుంది.
ఓవర్సీరుకు మరుసటి నెలే ప్రమోషను.
అదే ఉత్తర్వులో ఇంకా పద్నాలుగు పేర్లున్నాయి.

బజారమ్మకు తొంభై దాటినాయి.
వక్క నములుతూ చాలాసేపు కాలువనే చూసింది.
“ఎవురు జెప్పినారంటే ఏం జెప్పల్ల తల్లీ.
పసిబిడ్డ ఏడ్సె. అంతే.”

అందరూ ఇదే అన్నారు నాతో.
ఎవరి ఇంటి గడప తగలకుండా
ఎంత బాగా కుదిరిన జవాబు!
కానీ మా అవ్వ పోయేముందు చెప్పింది,
గోటికొనంత నల్లమందు తేనెలో రంగరించి
పూటపూటా తానే నాకించినానని.
ఆ పిల్లోడు ఏడవలేదు.
ఏడ్చేంత మెలకువ వానికి మిగల్చలేదని
ముసలితనమంతా అవ్వే ఏడ్చింది.

ఇప్పుడు ఈ పుట.
అక్టోబరు మూడు: అయిదడుగుల నాలుగంగుళాలు.
అక్టోబరు నాలుగు: అయిదడుగుల నాలుగంగుళాలు.
ఒకటే సిరా. నడుమ కలం ముంచిన జాడ లేదు.
రేపటి నీళ్లు ముందు రోజే రాసిపెట్టినాడు తాత.

అయిదో తేదీ నుంచి వేరే చేతిరాత:
‘పన్నెండో మైలు తూముకు అడ్డం పడినది. తీసినాము.’
ఏమి తీసినారో రాయలేదు.

సోమరితనమేమో, అందరు లస్కర్లూ ఇంతేనేమో అని
వెనక నాలుగేండ్లు తిరగేసినాను.
ఇట్లా రాసింది ఇంకొక్క చోటే,
అవ్వకు నొప్పులొచ్చిన నాడు. మా అమ్మ పుట్టిన నాడు.
తెల్లారి గేజి రాయి దగ్గర ఉండనని
ముందే తెలిస్తే రాసేవాడన్న మాట.

ఆ రాత్రే బండి కట్టి
వాళ్లను కర్నూలు చేర్చాలనుకున్నాడేమో.
కొండారెడ్డి బురుజు దాటిస్తే చాలు,
అక్కడ వాళ్ల మనుషులున్నారు.
దివిటీలు ఒక జాము ముందొచ్చినాయేమో.
లేదా

ఆ మాట దగ్గరే కూచున్నాను
అటెండరు వచ్చి లైటు తీయమంటారా అనే దాకా.

జాబితాలో నూట పదహారు కొట్టేసి
115 అని దిద్దినాను.
దిద్దినచోట పొడి సంతకం పెడుతూ చూసినాను.
మా తాత రాసినట్టే నేనూ
అయిదుకు తోక పొడుగ్గా లాగుతాను.